శాఖా గ్రంథాలయంలో ఏమేమి దొరుకుతాయి? మైదుకూరు వైపు నుండి వచ్చిన ఒక ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీది మైదుకూరు దగ్గరి పల్లె. దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళి చూస్తే దినపత్రికలు, అట్టలు ఊడిన నవలలు, పోటీ పరీక్షల గైడ్లు తప్ప మరేమీ కనబడలేదని రాశారు. ఇంటర్మీడియట్ చదువుతున్న మీ అమ్మాయికి, కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పసుపు పండించే మీ నాన్నగారికి, ఊరి చరిత్ర రాయాలనుకుంటున్న మీకు అక్కడ పనికివచ్చేవి ఏమైనా ఉన్నాయా, లేక ప్రతిదానికీ కడపకే పోవాలా అని అడిగారు. నేను కడప జిల్లాలోని శాఖా గ్రంథాలయాలలో ఉద్యోగం చేసి విరమించినవాడిని కనుక కొంచెం విడమరచే చెబుతాను.

ముగ్గురికీ ఉన్నాయి, అయితే సమపాళ్ళలో లేవు. మీ అమ్మాయికి కావలసినవాటిలో చాలామటుకు దొరుకుతాయి. మీ నాన్నగారికి జాగ్రత్తగా ఏరుకుంటే కొన్ని దొరుకుతాయి. మీకు మాత్రం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే దొరకవచ్చు. చిన్న గ్రంథాలయంలో ఎదురుగా కనబడే రాక్‌లను చూసి లోపల ఏముందో అంచనా వేయడం కష్టం. అక్కడికి పుస్తకాలు ఏయే దారుల్లో వచ్చాయో తెలిస్తే, ఏది ఏ బీరువాలో వెదకాలో, ఏది ఎంత వెదికినా అక్కడ దొరకదో ముందే తెలిసిపోతుంది. అందుకని ఆ దారుల నుండే మొదలుపెడతాను.

మొదటి దారి మీరు కట్టే ఇంటి పన్ను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం పంచాయతీలు, మునిసిపాలిటీలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వేయి రూపాయల పన్ను కట్టేవారు గ్రంథాలయం కోసం మరో 80 రూపాయలు కడుతున్నారన్నమాట. రసీదును ఒకసారి చూడండి, లైబ్రరీ సెస్ అని విడిగానే రాసి ఉంటుంది. వసూలైన సొమ్ము సంస్థకు ఎప్పుడు చేరుతుందన్నది వేరే పురాణం, దానిని ఇక్కడ విప్పను. ఈ నిధులతోనే పత్రికలకు చందాలు కడతారు, కొత్త పుస్తకాలు కొంటారు. పుస్తకాల ఎంపిక మీ ఊరిలో కాక పైస్థాయిలో జరుగుతుంది కాబట్టి ఒకే రకం పుస్తకాలు అన్ని శాఖలకూ పంపిణీ అవుతాయి. ఏ శాఖకు వెళ్ళినా అవే గైడ్లు, అవే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, అవే భక్తి పుస్తకాలు ఎదురుపడడానికి కారణం ఇదే. మీరు చూసి నిరాశపడినది ఈ ఒక్క దారిలో వచ్చిన సరుకును మాత్రమే.

రెండవది రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్. కేంద్ర ప్రభుత్వం 1972లో కలకత్తా కేంద్రంగా దీనిని ఏర్పాటు చేసింది. రాష్ట్రాలు కొంత, ఫౌండేషన్ కొంత వేసుకుని గ్రంథాలయాలకు పుస్తకాలు కొనిచ్చే పద్ధతి ఒకటి, పూర్తిగా ఫౌండేషనే భరించే పద్ధతి మరొకటి ఉన్నాయి. ఈ పుస్తకాల మీద ఫౌండేషన్ ముద్ర ఉంటుంది. నేషనల్ బుక్ ట్రస్టు వారి విజ్ఞాన గ్రంథాలు, సాహిత్య అకాడెమీ వారి అనువాదాలు, జీవిత చరిత్రలు, పెద్ద నిఘంటువులు ఎక్కువగా ఇలా వచ్చినవే. మా శాఖలలో ఎవరూ ముట్టుకోక అట్ట నలగకుండా మిగిలిపోయిన మంచి పుస్తకాలను ఏరమంటే, నేను ముందుగా ఈ ముద్ర ఉన్నవాటినే తిరగవేస్తాను.

మూడవ దారి దానం. మీకు అసలైన పని ఇక్కడ ఉంది. గ్రంథాలయోద్యమ కాలంలో గ్రామస్థులు చందాలు వేసుకుని నడుపుకున్న గ్రంథాలయాలు కొన్ని తరువాత ప్రభుత్వ వ్యవస్థలో కలిసిపోయాయి. (ఈ ఉద్యమం అనగానే కృష్ణా, గుంటూరు జిల్లాల పేర్లే వినబడతాయి కానీ, దానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883లో కర్నూలులో పుట్టినవారు.) ఇవి కాక పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు, వకీళ్ళు, కరణాల కుటుంబాలవారు తమ ఇంటి పుస్తకాలను గ్రంథాలయానికి ఇచ్చివేయడం సీమలో చాలాకాలంగా ఉన్న ఆచారం. అలాంటి పుస్తకాలు సాధారణంగా తాళం వేసిన బీరువాలో ఉంటాయి. బీరువా తలుపు మీద ఫలానావారి జ్ఞాపకార్థం అని రంగుతో రాసి ఉండవచ్చు. బీరువా తాళం పోయిందనో, పుస్తకాలు పురుగు పట్టాయనో ఎవరైనా చెబితే వెంటనే వెనుదిరగకండి. మరుసటి వారం మళ్ళీ వెళ్ళి మర్యాదగా అడగండి.

బీరువా తెరవడానికి ముందు యాక్సెషన్ రిజిస్టరు చూపించమని కోరండి. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస సంఖ్య వేసి అందులో నమోదు చేస్తారు. తేదీ, సంఖ్య, రచయిత, పుస్తకం పేరు, ప్రకాశకులు, ప్రచురించిన సంవత్సరం, పుటలు, వెల అనే గళ్ళ తరువాత ఆ పుస్తకం ఎక్కడి నుండి వచ్చిందో రాసే గడి ఒకటి, చివరన రిమార్కుల గడి ఒకటి ఉంటాయి. మీరు పుస్తకాల పేర్లు చదువుతూ కూర్చోకుండా, ఆ మూలం గడిలో దానం అని ఉన్న వరుసలను మాత్రమే వేలుపెట్టి చూసుకుంటూ పోండి. ఒకే దాత పేరు పుటలు పుటలుగా సాగితే అది ఒక ఇంటి గ్రంథాలయం మొత్తం తరలివచ్చిన ఆనవాలు. రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో రద్దు అని ఉంటే ఆ పుస్తకం ఇక లేదని అర్థం. లేనివాటిని కాగితం మీద రాసుకోవలసిన అవసరం లేదు, ఉన్నవాటి సంఖ్యలు రాసుకుని గ్రంథపాలకునికి ఇవ్వండి. పుస్తకం చేతికి వచ్చాక ముఖపత్రం మీది సంఖ్యను రిజిస్టరు సంఖ్యతో సరిచూసుకోండి. ముఖపత్రం చినిగిపోయి ఉంటే లోపల ఒక నిర్ణీత పుటలో కూడా ముద్ర, సంఖ్య వేసే అలవాటు మాకు ఉంది, అక్కడ చూడవచ్చు.

ఈ దానపు బీరువాలో మీరు వెదకవలసినవి పెద్ద గ్రంథాలు కావు. పెద్ద గ్రంథాలు ఎక్కడైనా దొరుకుతాయి. దేవాలయాల వారు అచ్చువేయించిన స్థల పురాణాలు, ఉన్నత పాఠశాలల స్వర్ణోత్సవ సంచికలు, సహకార సంఘాల వార్షిక నివేదికలు, స్థానిక కవులు సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న శతకాలు, పెళ్ళిళ్ళకు పంచిన పద్యాల పొత్తాలు, తిరునాళ్ళ కరపత్రాలను అంటించిన నోటు పుస్తకాలు చూడండి. ఒంటిమిట్ట, పుష్పగిరి, బ్రహ్మంగారి మఠం వంటి క్షేత్రాల చుట్టూ ఇలాంటి చిన్న పుస్తకాలు ఎన్నో వెలువడ్డాయి. ఇవి పుస్తకాల దుకాణాలకు ఎక్కవు, ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయం పట్టికలోనూ కనబడకపోవచ్చు. శతకం చివరన కవి చెప్పుకున్న వంశ వర్ణనలోనో, స్వర్ణోత్సవ సంచికలో బడి కట్టడానికి చందాలిచ్చిన వారి జాబితాలోనో మీ ఊరి పేరు తగిలితే, అది మరెక్కడా దొరకని ఆధారం. ఒక చిన్న శాఖలో అత్యంత విలువైన సేకరణ ఏది అని నన్ను అడిగితే, నిఘంటువులను పక్కకు పెట్టి ఈ పొత్తాలనే చూపిస్తాను.

ఊరి చరిత్రకు ప్రభుత్వ ప్రచురణలు కూడా చాలా ముఖ్యం. శాఖలో ఉంటే అక్కడే, లేకుంటే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. జనగణన వారి జిల్లా చేతిపుస్తకంలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక వరుస ఉంటుంది. 2011 నాటి చేతిపుస్తకంలో మీ ఊరి విస్తీర్ణం, జనాభా, బడి, ఆసుపత్రి, తాగునీరు, ఏ ఆధారం కింద ఎంత నేల సాగవుతున్నది అన్నవి చూడవచ్చు. ఆ పట్టికలలో సౌకర్యం ఉండవలసిన చోట ఏ, బీ, సీ అనే అక్షరాలు కనబడితే కంగారుపడకండి. ఆ సౌకర్యం ఊళ్ళో లేదని, 5 కిలోమీటర్ల లోపు ఉంటే ఏ, 5 నుండి 10 లోపు ఉంటే బీ, ఆ పైన ఉంటే సీ అని వాటి అర్థం. జిల్లాల హద్దులు 2022 ఏప్రిల్ 4న మారాయి కాబట్టి, నేడు అన్నమయ్య జిల్లాలోనో శ్రీ సత్యసాయి జిల్లాలోనో ఉన్న ఊళ్ళను పాత కడప, చిత్తూరు, అనంతపురం సంపుటాలలోనే వెదకాలి. 1961 జనగణన సందర్భంగా జిల్లాలవారీగా జాతరలు, పండుగల మీద కూడా ఇంగ్లీషులో సంపుటాలు వెలువడ్డాయి. గ్రామదేవత కొలువు ఏ నెలలో, ఎన్ని రోజులు, ఎవరి ఆధ్వర్యంలో జరిగేదో తెలుసుకోవడానికి వాటికి మించిన పుస్తకం నాకు తెలియదు.

ఇంకా వెనక్కి పోవాలంటే 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్, 1915లో బ్రాకెన్‌బరీ కూర్చిన గెజిటీరు (జిల్లా వివరాల గ్రంథం) ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీ నాన్నగారి పొలానికి నీరిచ్చే కె.సి. కాలువ మొదటి పుస్తకం నాటికి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సొత్తు. ప్రభుత్వం దానిని కొన్నది 1882లో. కాబట్టి మొదటి పుస్తకంలోని కాలువ సంగతులను రెండవదానిలోని సంగతులతో కలిపివేస్తే మీ చరిత్ర తప్పుతుంది. ఈ పాత పుస్తకాల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. శాసనాలకైతే రాష్ట్ర పురావస్తు శాఖ ప్రచురించిన కడప జిల్లా శాసన సంపుటాలు చూడాలి.

కైఫియత్తుల గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు కానీ చెప్పక తప్పదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ తన సహాయకులను ఊరూరా పంపి, కరణాల దగ్గర ఉన్న కవిలెలను (పాత లెక్కల పుస్తకాలను), పెద్దల నోటి మాటలను ఆధారం చేసుకుని గ్రామ వృత్తాంతాలు రాయించాడు. ఆ తరువాత సి.పి.బ్రౌన్ వాటిలో చాలావాటికి నకళ్ళు రాయించాడు. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. బ్రౌన్ నివసించిన బంగళా ఉన్న స్థలంలోనే, ఎర్రముక్కపల్లెలో ఆ కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వల్ల లేచిన సంస్థ అది, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. మీ ఊరికి కైఫియత్తు ఉన్నదో లేదో ముందుగా ఆ సంపుటాల విషయసూచికలో చూసుకోండి. లేకపోతే పొరుగూరి కైఫియత్తు చదవండి, పొలిమేరల ప్రస్తావనలో మీ ఊరు రావచ్చు. అయితే కైఫియత్తును ఉన్నదున్నట్టుగా చరిత్ర అని ఎత్తి రాయకండి. పన్నులు, మాన్యాలు తేలవలసిన కాలంలో చెప్పిన మాటలు కనుక, ఎవరి మాన్యం గురించి ఎవరు చెప్పారన్నది గమనిస్తూ చదవాలి.

మీ నాన్నగారి విషయానికి వస్తే, శాఖలో వ్యవసాయ పుస్తకాల వరుస చిన్నదిగానే ఉంటుంది. అన్నదాత వంటి మాసపత్రికలు, వ్యవసాయ శాఖ వారి కరపత్రాలు, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రచురణలు అందులో పనికివచ్చేవి. దుంపకుళ్ళు గురించో, విత్తన శుద్ధి గురించో మాసపత్రికల పాత సంచికలు వరుసగా తిరగవేస్తే పుస్తకంలో కంటే త్వరగా సమాచారం దొరుకుతుంది. మైదుకూరు అన్నది పసుపులో ఒక రకం పేరు కూడా కాబట్టి పసుపు మీది పుస్తకాలలో మీ పక్క ఊరి పేరు ఎదురుకావచ్చు, ఆయనకు అదొక సంతోషం. అయితే ఒక హెచ్చరిక: పురుగుమందుల గురించి చెప్పే పుస్తకాన్ని ఎప్పుడు అచ్చయిందో చూడకుండా నమ్మరాదు. ఎండోసల్ఫాన్ చల్లమని సలహా ఇచ్చే పాత పుస్తకాలు ఇప్పటికీ రాక్‌లలో ఉంటాయి. ఆ మందును సుప్రీంకోర్టు 2011లోనే నిషేధించింది. సాగు పద్ధతులకు, నేల స్వభావానికి పాత పుస్తకం పనికివస్తుంది. మందులకు, విత్తన రకాలకు, ధరలకు పనికిరాదు.

ఆయనకు చదువు మీద ఆసక్తి ఉంటే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశాల కోసం అడగండి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలది, తరువాతి సంపుటం చేనేత పదాలది. జిల్లాలు తిరిగి, రైతుల నోటి నుండి విని సేకరించిన పదాలవి. గొర్రు, గుంటక, జడ్డిగం చేతితో పట్టి పనిచేసిన మనిషి ఆ పుస్తకం తెరిస్తే ఒక పూటలో మూసివేయడం కష్టం. పైగా మీ ఊరి చరిత్రలో పనిముట్ల పేర్లు రాసేటప్పుడు మీకూ అది కావలసి వస్తుంది.

మీ అమ్మాయి సంగతి తేలిక. తెలుగు అకాడమీ వారి ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, సామాన్య శాస్త్ర గ్రంథాలు దాదాపు ప్రతి శాఖలోనూ ఉంటాయి. చూడవలసింది సంవత్సరం ఒక్కటే. సిలబస్ మారిన తరువాత పాత పాఠ్యపుస్తకం అదనపు అభ్యాసాలకు తప్ప పరీక్షకు చాలదు. పోటీ పరీక్షల వైపు వెళ్ళదలిస్తే ఇదే జాగ్రత్త రెట్టింపు కావాలి. 2014 జూన్ 2కు ముందు అచ్చయిన ఆంధ్రప్రదేశ్ భూగోళంలో ఉన్నది ఉమ్మడి రాష్ట్రం. 2024 జూలై 1కి ముందు అచ్చయిన న్యాయశాస్త్ర గైడులో ఉన్నది భారత శిక్షాస్మృతి. ఇప్పుడు అమలులో ఉన్నది భారతీయ న్యాయ సంహిత. చరిత్ర, గణితం, తెలుగు సాహిత్యం పుస్తకాలకు ఈ బాధ లేదు, వాటిలో పాతవే తరచుగా నాణ్యంగా ఉంటాయన్నది నా అభిప్రాయం.

రాక్‌లలో దారి తెలుసుకోవడానికి పుస్తకం వెన్ను మీద అంటించిన చీటీ చూడండి. అందులోని అంకెలు డ్యూయీ దశాంశ వర్గీకరణవి. 630 వ్యవసాయం, 398 జానపద సాహిత్యం, 954.84 ఆంధ్రప్రదేశ్ చరిత్ర, 894.827 తెలుగు సాహిత్యం. ఆ చివరి అంకె తరువాత 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథలు, నవలలు. అంకె కింద రచయిత పేరులోని తొలి అక్షరాలు ఉంటాయి. చాలా చిన్న శాఖలలో ఇంత పద్ధతి నిలవదు. నవలలన్నీ ఒకచోట, భక్తి పుస్తకాలన్నీ ఒకచోట పెట్టి ఊరుకుంటారు. మరొక సంగతి, ఊళ్ళ చరిత్రకు సంబంధించిన పుస్తకం చరిత్రలోనే ఉంటుందని అనుకోవద్దు. స్థల పురాణం 294.5 దగ్గర హిందూమతంలో, కడప జిల్లా ఊర్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డిగారు చేసిన పరిశోధన వంటిది భాషాశాస్త్రంలో కూర్చుని ఉండవచ్చు.

శాఖలో దొరకనివి కూడా చెప్పాలి. పాత దినపత్రికలు దొరకవు; కొంతకాలం ఉంచి పాత కాగితాల కింద అమ్మివేయడం అక్కడి నియమం. స్వాతంత్ర్యోద్యమ కాలపు వార్తలు కావాలంటే ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉంచిన పత్రికలను చూడండి. పప్పూరి రామాచార్యులుగారు 1926లో అనంతపురం నుండి ప్రారంభించిన శ్రీసాధన మన ప్రాంతపు వార్తలకు మంచి ఆధారం. భూమి రికార్డులు గ్రంథాలయంలో ఉండవు, వాటికి తహసీల్దారు కార్యాలయానికే పోవాలి. తాటాకు ప్రతులకు బ్రౌన్ కేంద్రమో, చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయమో దిక్కు.

ఇక పనులు జరిగే తీరు. సభ్యత్వానికి తిరిగి ఇచ్చే డిపాజిట్టు కట్టి, చిరునామా రుజువు ఇస్తే సరిపోతుంది. మీ ముగ్గురూ విడివిడిగా సభ్యులైతే మూడు పేర్ల మీద పుస్తకాలు తీసుకోవచ్చు. నిఘంటువులు, గెజిటీర్లు, దానపు బీరువాలోని పాత పొత్తాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఫోనుతో ఫొటో తీసుకుంటానంటే చాలామంది ఒప్పుకుంటారు కానీ అడిగి తీసుకోండి. పెళుసుబారిన పుస్తకాన్ని జిరాక్సు యంత్రం మీద బోర్లించి అదిమితే కుట్టు తెగిపోతుంది, దానికి ఒప్పుకోకండి. లేని పుస్తకాన్ని సూచనల పుస్తకంలో రచయిత, ప్రకాశకుల పేర్లతో సహా రాయండి. పేరు మాత్రమే రాసిన సూచన పైస్థాయి జాబితా దాకా చేరదు. శాఖా గ్రంథాలయాలు ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు పనిచేస్తాయి, శుక్రవారం సెలవు. రిజిస్టరు, బీరువా చూడదలిస్తే సాయంత్రం వద్దు, అప్పుడు పత్రికల బల్ల దగ్గర రద్దీ ఉంటుంది. ఉదయం పత్రికలు చదివేవారు లేచి వెళ్ళాక, మూసివేయడానికి కనీసం గంట ముందు గ్రంథపాలకుని దగ్గరికి వెళ్ళి మీ పని చెప్పండి.